లోపలి డిస్క్ మార్చాక బయటి ఎస్‌ఎస్‌డీ నుంచి డెబియన్ బూట్ కావడం లేదు

పరకాల_గణితం | బుధవారం, రాత్రి 9:20

అందరికీ నమస్తే. నేను పరకాల దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. కంప్యూటర్ నాకు పని వరకే తెలుసు. అందుకే ఏది ముఖ్యమో తెలియక జరిగిందంతా రాస్తున్నాను.

రెండేళ్ల కింద మా తమ్ముడు 240 జీబీ ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి, దాని మీద డెబియన్ 12 (విండోస్ లాంటిదే, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసిచ్చాడు. ల్యాప్‌టాప్ లోపల విండోస్ అలాగే ఉంది. బయటి డిస్క్ పెట్టి ఆన్ చేస్తే నల్లటి మెనూ వచ్చేది, పైన డెబియన్, కింద విండోస్. రోజూ అంతే, ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

పోయిన వారం ల్యాప్‌టాప్ లోపలి హార్డ్ డిస్క్ పాడైంది. ఒక దుకాణంలో ఇస్తే కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్ 11 ఎక్కించారు. ఆ రోజు బయటి డిస్క్ నా బ్యాగ్‌లోనే ఉంది. దుకాణానికి తీసుకెళ్లనే లేదు, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇంటికొచ్చి పెడితే మెనూ రావడం లేదు, నేరుగా విండోస్ వస్తోంది. ఎఫ్12 నొక్కితే వచ్చే జాబితాలో బయటి డిస్క్ పేరు కనిపిస్తోంది. దాన్ని ఎంచుకుంటే ఒక్క క్షణం తెర నల్లబడి మళ్లీ అదే జాబితా వస్తోంది.

విండోస్ నడుస్తున్నప్పుడు పెట్టి చూశాను. "ఈ డిస్క్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అని అడిగింది. భయమేసి రద్దు చేసి డిస్క్ తీసేశాను.

ఆరేళ్లుగా నేను తయారు చేసుకున్న ప్రశ్నపత్రాలు, స్లిప్ టెస్టులు, వెనకబడిన పిల్లల కోసం రాసిన అభ్యాసాలు అన్నీ అందులోనే ఉన్నాయి. పదో తరగతి ప్రీ-ఫైనల్ దగ్గర పడింది. హన్మకొండ పోదామంటే బస్సులన్నీ మేడారం జాతరకు పోయాయి. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

హుజూరాబాద్_హార్డ్‌వేర్ | బుధవారం, రాత్రి 9:41

మేడమ్, బూట్ ఫైళ్లు కరప్ట్ అయి ఉంటాయి. ఫార్మాట్ కొట్టి మళ్లీ డెబియన్ వేసుకోండి. 20 నిమిషాల పని.

సుబేదారి_మరమ్మతు | బుధవారం, రాత్రి 9:44

మేడమ్, దయచేసి ఫార్మాట్ చేయకండి. తమ్మీ, ఆమె రాసింది ఇంకోసారి చదువు. ఆరేళ్ల పని అందులో ఉందంటున్నారు.

విండోస్ ఫార్మాట్ అడిగినంత మాత్రాన డిస్క్ పోయినట్టు కాదు. డెబియన్ తన ఫైళ్లను ఎక్స్‌టీ4 అనే పద్ధతిలో రాస్తుంది. విండోస్‌కు ఆ పద్ధతి చదవడం రాదు. తనకు అర్థం కాని పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం) ఏది కనిపించినా ఖాళీ డిస్క్ అనుకుని అదే మాట అడుగుతుంది. నా టేబుల్ మీదికి వచ్చే డిస్కుల్లో డేటా పోయినవి ఎక్కువగా ఆ పెట్టెలో 'ఓకే' నొక్కినవే. మీరు రద్దు చేశారు, చాలా మంచి పని చేశారు.

రెండు విషయాలు చెప్పండి. ఒకటి, డిస్క్ పెట్టగానే కేసింగ్ లైట్ వెలిగి నిలకడగా ఉంటోందా? రెండు, విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఏమీ నొక్కకుండా, ఆ డిస్క్ మీద ఎన్ని పార్టిషన్లు ఉన్నాయో, ఒక్కొక్కటి ఎంత సైజో రాయండి.

కాజీపేట_కరెంట్ | బుధవారం, రాత్రి 10:02

అమ్మా, నేను రైల్వేలో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరైన వాణ్ణి. సాఫ్ట్‌వేర్ సంగతి పిల్లలు చెబుతారు. ముందు కేబుల్, పోర్టు చూసుకో.

యూఎస్‌బీ 2 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, యూఎస్‌బీ 3 పోర్టు 900 ఇస్తుంది. ఎస్‌ఎస్‌డీకి సాధారణంగా అది సరిపోతుంది. తిరిగే హార్డ్ డిస్క్ అయితే మొదట తిరగడం మొదలుపెట్టేటప్పుడు అంతకన్నా ఎక్కువ లాగుతుంది, అందక టిక్ టిక్ మని ఆగిపోతుంది. కేబుల్ పొడవు పెరిగినా, సన్నటి తీగలదైనా చివరికి చేరే వోల్టేజీ పడిపోతుంది. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టు వదిలి వెనుక మదర్‌బోర్డు పోర్టులో పెట్టాలి. ఫోన్ చార్జింగ్ కేబుళ్లలో కొన్నింటికి డేటా తీగలే ఉండవు, అవి పొరపాటున కూడా వాడొద్దు.

బూట్ జాబితాలో పేరు కనిపిస్తోందన్నావు కాబట్టి నీ కేబుల్ బాగానే ఉండి ఉంటుంది. అయినా హబ్ మధ్యలో ఉంటే తీసేసి నేరుగా పెట్టు.

పరకాల_గణితం | బుధవారం, రాత్రి 10:30

అన్నా, సార్, ఇద్దరికీ ధన్యవాదాలు. లైట్ నిలకడగా ఉంది. హబ్ లేదు, పాత కేబులే, నేరుగా పెట్టాను. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో రెండు పార్టిషన్లు ఉన్నాయి. ఒకటి 219 జీబీ, ఇంకోటి 4 జీబీ దాకా. మొత్తం 223 అవుతోంది. కొన్నది 240 కదా, మిగతాది పోయిందా?

సుబేదారి_మరమ్మతు | బుధవారం, రాత్రి 10:38

ఏమీ పోలేదు మేడమ్. తయారు చేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. 240 కోట్లను, క్షమించండి, 240 వందల కోట్ల బైట్లను 1024తో మూడుసార్లు భాగిస్తే 223 చిల్లర వస్తుంది. మీరే చేసి చూడొచ్చు.

పెద్దది డెబియన్, చిన్నది స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు) అయి ఉంటుంది. నాకు అనుమానం వచ్చేది అక్కడ లేని మూడోదాని గురించి. గోదావరిఖని అన్న వస్తే బాగుండు, ఆయన ఈ పని చాలాసార్లు చేశాడు.

గోదావరిఖని_షిఫ్ట్ | గురువారం, ఉదయం 7:15

రాత్రి షిఫ్ట్ దిగి ఇప్పుడే చూశాను. మేడమ్, మీరు రాసినదానిలోనే జవాబు ఉంది. "లోపలి డిస్క్ మార్చాక బయటిది ఎక్కడం లేదు." బయటి డిస్క్‌ను ఎవరూ ముట్టుకోలేదు, అయినా ఎక్కడం లేదు. అంటే బయటి డిస్క్‌ను లేపే ఫైలు ఇన్నాళ్లూ లోపలి డిస్క్‌లో ఉండేది. ఆ డిస్క్‌తో పాటు అదీ పోయింది. ఇంటి తాళంచెవి పక్కింట్లో ఇచ్చి పెట్టుకున్నాం, పక్కింటివాళ్లు ఇల్లు ఖాళీ చేసి పోయారు. మన ఇల్లు, సామాను అన్నీ భద్రంగానే ఉన్నాయి.

కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతా పని మీకు మీరే చేసుకోగలరు.

ఆన్ చేయగానే మదర్‌బోర్డు మీద మొదట నడిచే ప్రోగ్రామ్‌ను పాత కంప్యూటర్లలో బయాస్ అంటారు. అది డిస్క్ మొట్టమొదటి 512 బైట్లను చదివి, అందులోని చిన్న కోడ్‌ను నడిపేది. దాని స్థానంలో వచ్చిన ఇప్పటి యూఈఎఫ్‌ఐ అలా చేయదు. డిస్క్ మీద ఫ్యాట్32 పద్ధతిలో ఒక చిన్న పార్టిషన్ ఉండాలి, దాన్ని ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ అంటారు. సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్, అంటే బూట్‌లోడర్, అందులో ఒక మామూలు ఫైలుగా ఉంటుంది. ఆ ఫైలు ఏ డిస్క్‌లో, ఏ ఫోల్డర్‌లో ఉందో మదర్‌బోర్డు తన మెమరీలో రాసుకుంటుంది. మీకు రోజూ మెనూ వచ్చింది ఆ రాత వల్లే.

మదర్‌బోర్డులో ఏ రాతా లేని డిస్క్‌ను మనం ఎఫ్12లో ఎంచుకుంటే, యూఈఎఫ్‌ఐ ఒకే ఒక్క చోట వెతుకుతుంది. ఆ డిస్క్ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో 'ఈఎఫ్‌ఐ' ఫోల్డర్, దానిలో 'బూట్' ఫోల్డర్, దానిలో 'బూట్‌ఎక్స్64.ఈఎఫ్‌ఐ' అనే ఫైలు. అది దొరికితే నడుపుతుంది, దొరక్కపోతే వెనక్కి వచ్చేస్తుంది. మీకు తెర ఒక్క క్షణం నల్లబడి జాబితా తిరిగి వస్తున్నది అందుకే. మీ డిస్క్ మీద ఆ ఫైలు కాదు, ఆ పార్టిషనే లేదు.

మీ తమ్ముడు తప్పు చేశాడని అనుకోకండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లోపలి డిస్క్‌లో విండోస్‌ది ఒక ఈఎఫ్‌ఐ పార్టిషన్ ముందే ఉంటుంది, దాన్నే వాడుకోవడం మామూలే. బయటి డిస్క్ మీద వేసేటప్పుడు మాత్రం దాని ఈఎఫ్‌ఐ పార్టిషన్ దానికే ఉండాలి. ఇది తెలియక ఇబ్బంది పడ్డవాళ్లను చాలామందిని చూశాను, మొదట్లో నేనూ పడ్డాను.

సాయంత్రం లేచాక దారి రాస్తాను. అప్పటిదాకా ఒక 8 జీబీ పెన్ డ్రైవ్, డేటా తీసిపెట్టుకోవడానికి ఇంకో పెద్ద పెన్ డ్రైవ్ సిద్ధం చేసుకోండి.

కేయూ_ఫిజిక్స్ | గురువారం, ఉదయం 10:50

అన్నా, నాదీ బయటి డిస్క్ సమస్యే. నేను కాకతీయ యూనివర్సిటీలో పీజీ చేస్తున్నాను. నాకు గ్రబ్ (డెబియన్ బూట్‌లోడర్) మెనూ వస్తుంది, డెబియన్ ఎంచుకుంటాను, కొంచెంసేపు ఆగి "అలర్ట్! యూయూఐడీ డజ్ నాట్ ఎగ్జిస్ట్" అని చెప్పి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గర నిలిచిపోతుంది. మేడమ్‌కు చెప్పిందే నేనూ చేయాలా?

సుబేదారి_మరమ్మతు | గురువారం, మధ్యాహ్నం 1:05

వద్దు తమ్మీ, నీది వేరే. మేడమ్ డిస్క్ మొదటి మెట్టు దగ్గరే ఆగింది, బూట్‌లోడరే దొరకలేదు. నీకు బూట్‌లోడర్ దొరికింది, కెర్నల్ (సిస్టమ్ మూల ప్రోగ్రామ్) కూడా ఎక్కింది. ఆ తర్వాత అసలు డిస్క్ కోసం దాని యూయూఐడీతో, అంటే గుర్తింపు సంఖ్యతో, వెతికితే కనిపించలేదు. బూట్ కావడం లేదని అందరం ఒకే మాట అంటాం కానీ ఎక్కడ ఆగిందో చూడకుండా మందు చెప్పడం కష్టం.

ఆ ప్రాంప్ట్ దగ్గర పది సెకన్లు ఆగి 'బ్లాక్ ఐడీ' కమాండ్ కొట్టు, బీఎల్‌కేఐడీ. కమాండ్లు ఇక్కడ మనం తెలుగులో రాసుకుంటున్నా, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. నీ డిస్క్ జాబితాలో కనిపిస్తే 'ఎగ్జిట్' అని కొట్టు. బూట్ ముందుకు సాగితే నీ కేసింగ్ లేటుగా మేలుకుంటోందని అర్థం.

కేయూ_ఫిజిక్స్ | గురువారం, మధ్యాహ్నం 2:20

అలాగే అయింది అన్నా! ఎగ్జిట్ కొట్టగానే లాగిన్ దాకా వచ్చేసింది.

సుబేదారి_మరమ్మతు | గురువారం, మధ్యాహ్నం 2:31

అయితే ఈటీసీ ఫోల్డర్‌లో డిఫాల్ట్, దానిలో గ్రబ్ అనే ఫైలు తెరువు. 'గ్రబ్ సీఎండీలైన్ లినక్స్' అనే వరుసలో కోట్స్ మధ్య 'రూట్‌డిలే=60' చేర్చి 'అప్‌డేట్-గ్రబ్' నడుపు. డిస్క్ కోసం అరవై సెకన్ల దాకా ఓపిక పడుతుంది.

వాడుతుండగా మధ్యలో డిస్క్ ఊడిపోయినట్టు అయితే మళ్లీ రాయి. కొన్ని కేసింగ్‌లలోని చిప్‌కు, యూఏఎస్ అనే వేగవంతమైన పద్ధతికి పడదు. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ కమాండ్‌లో 'యూఏఎస్ అబార్ట్' అని వరుసలు వస్తుంటే ఆ కేసింగ్‌కు మాత్రం యూఏఎస్ ఆపేయొచ్చు.

నిర్మల్_నేత | గురువారం, సాయంత్రం 4:00

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఎఫ్12 నొక్కినా నాకు జాబితా రాదు, విండోస్ వచ్చేస్తుంది.

సుబేదారి_మరమ్మతు | గురువారం, సాయంత్రం 4:12

కంపెనీని బట్టి మీట మారుతుంది. డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, అసుస్ ల్యాప్‌టాప్‌లకు ఎస్కేప్. ఏసర్‌కు కూడా ఎఫ్12యే కానీ చాలా మోడళ్లలో ముందు బయాస్ సెట్టింగ్‌లోకి వెళ్లి ఎఫ్12 బూట్ మెనూను ఆన్ చేయాలి. మీట పట్టుకోవడం కుదరకపోతే విండోస్‌లోనే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. నీలి తెర వస్తుంది, అందులో 'యూజ్ ఎ డివైస్' ఎంచుకోండి.

గోదావరిఖని_షిఫ్ట్ | గురువారం, సాయంత్రం 6:40

మేడమ్, ఇప్పుడు మీ పని.

ముందు డేటా. విండోస్‌లో రూఫస్ అనే ప్రోగ్రామ్ వాడి 8 జీబీ పెన్ డ్రైవ్ మీద డెబియన్ లైవ్ ఐఎస్‌ఓ (పెన్ డ్రైవ్ నుంచే డెబియన్ నడిపే ఫైలు) రాయండి. రాసేటప్పుడు పైన డివైస్ పేరు రెండుసార్లు చూసుకోండి. ఆ సమయంలో మీ బయటి ఎస్‌ఎస్‌డీ ల్యాప్‌టాప్‌కు తగిలించి ఉండకూడదు. ఎఫ్12లో పెన్ డ్రైవ్ ఎంచుకుని లైవ్‌లోకి వెళ్లాక ఎస్‌ఎస్‌డీ పెట్టండి. ఫైల్ మేనేజర్‌లో 219 జీబీ డిస్క్ తెరిచి, హోమ్ ఫోల్డర్‌లోని మీ ఫైళ్లన్నీ పెద్ద పెన్ డ్రైవ్‌కు కాపీ చేయండి. ఇది పూర్తయ్యేదాకా ఇంకేమీ చేయవద్దు. పూర్తయ్యాక ఒకట్రెండు ప్రశ్నపత్రాలు తెరిచి చూసుకుని ఇక్కడ చెప్పండి.

సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న బూట్ ఫైళ్లనే నడపనిచ్చే సెట్టింగ్) ఆపేయమని ఎవరైనా చెబితే ఆగండి. డెబియన్ 10 నుంచి, అంటే 2019 నుంచి, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా డెబియన్ ఎక్కుతుంది. మీ విండోస్ 11లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటే, సెక్యూర్ బూట్ మార్చగానే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది చేతిలో లేకపోతే ఒక సమస్యకు ఇంకో సమస్య తోడవుతుంది.

హుజూరాబాద్_హార్డ్‌వేర్ | గురువారం, రాత్రి 8:10

మేడమ్, నిన్న నేను తొందరపడి చెప్పాను, క్షమించండి. నేను విండోస్ మెషీన్లే ఎక్కువ చూస్తాను. డేటా సంగతి అడగకుండా ఫార్మాట్ అనకూడదు. అన్న చెప్పిన సెక్యూర్ బూట్ సంగతికి ఒకటి చేరుస్తాను. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత డ్యూయల్ బూట్ (విండోస్, లినక్స్ రెండూ) పెట్టుకున్న చాలామందికి 'వెరిఫయింగ్ షిమ్ ఎస్‌బ్యాట్ డేటా ఫెయిల్డ్' అని వచ్చి లినక్స్ ఆగిపోయింది. పాత ఐఎస్‌ఓతో అదే రావచ్చు. కొత్త ఐఎస్‌ఓనే దించుకోండి.

పరకాల_గణితం | శుక్రవారం, రాత్రి 8:55

ఫైళ్లన్నీ ఉన్నాయి!! లైవ్‌లో డిస్క్ తెరవగానే నా ఫోల్డర్లు ఎప్పటిలా వరుసగా కనిపించాయి. త్రికోణమితి, సంభావ్యత, శ్రేఢులు అన్నీ కాపీ అయ్యాయి. నాలుగు తెరిచి చూశాను, తెలుగు అక్షరాలు కూడా సరిగ్గా ఉన్నాయి. రెండు రోజుల తర్వాత ఇవాళ నిమ్మళంగా అన్నం తిన్నాను.

క్షమాపణ ఎందుకు తమ్ముడూ, సాయం చేద్దామనే కదా చెప్పావు.

ఇప్పుడు బూట్ సంగతి చెప్పండి అన్నా. నేర్చుకుని నేనే చేస్తాను.

గోదావరిఖని_షిఫ్ట్ | శుక్రవారం, రాత్రి 9:30

చాలా సంతోషం మేడమ్.

మామూలుగా ఇలాంటప్పుడు పెద్ద పార్టిషన్‌ను కొంచెం కుదించి చోటు చేయాలి. మీకు ఆ అవసరం లేదు. చివర ఉన్న 4 జీబీ స్వాప్‌ను తీసేసి ఆ చోటు వాడుకుందాం. 219 జీబీ జోలికే పోము. మధ్యలో కరెంట్ పోయినా మీ ఫైళ్లకు ఏమీ కాదు. అయినా ల్యాప్‌టాప్ చార్జింగ్ నిండుగా పెట్టుకోండి.

లైవ్‌లో జీపార్టెడ్ (పార్టిషన్లు మార్చే ప్రోగ్రామ్) తెరవండి. పైన కుడివైపు ఏ డిస్క్ ఉందో చూడండి. బయటిది ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేరుతో ఉంటుంది. లోపలిది ఎన్‌వీఎంఈ అని ఉండొచ్చు, లేదా అదీ ఎస్‌డీ పేరుతోనే ఉండొచ్చు. సైజు చూసి 240 జీబీదే (అక్కడ 223 అని కనిపిస్తుంది) అని తేల్చుకోండి. స్వాప్ మీద కుడి క్లిక్ చేసి 'స్వాప్‌ఆఫ్' ఉంటే నొక్కి, దాన్ని తొలగించండి. ఆ ఖాళీలో 512 ఎంబీ ఫ్యాట్32 పార్టిషన్ చేయండి. పచ్చ టిక్కు నొక్కాక, దాని మీద కుడి క్లిక్, మేనేజ్ ఫ్లాగ్స్, ఈఎస్‌పీ (ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ అని గుర్తు). మిగతా చోటు ఖాళీగానే వదిలేయండి.

తర్వాత టెర్మినల్. మీ పెద్ద పార్టిషన్ ఎస్‌డీఏ1, కొత్తది ఎస్‌డీఏ2 అనుకుందాం, మీ దగ్గర అంకెలు వేరైతే మార్చుకోండి. ఎస్‌డీఏ1ను ఎంఎన్‌టీ ఫోల్డర్ మీద మౌంట్ చేయండి, అంటే తగిలించండి. దానిలోని బూట్/ఈఎఫ్‌ఐ మీద ఎస్‌డీఏ2ను మౌంట్ చేయండి. డెవ్, ప్రాక్, సిస్ అనే మూడింటినీ బైండ్ చేసి క్రూట్‌తో లోపలికి వెళ్లండి. ఇప్పుడు మీరు పెన్ డ్రైవ్ మీద ఉన్నా, ఆదేశాలు మీ డెబియన్ లోపల నడుస్తాయి.

అక్కడ మొదటి పని ఎఫ్‌ఎస్‌ట్యాబ్. ఏ పార్టిషన్‌ను ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఫైలు అది. బూట్/ఈఎఫ్‌ఐ వరుసలో పోయిన డిస్క్ యూయూఐడీ ఇంకా ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే డెబియన్ ఒకటిన్నర నిమిషం ఆ డిస్క్ కోసం ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. బ్లాక్ ఐడీ కొడితే ఎస్‌డీఏ2 యూయూఐడీ వస్తుంది. ఫ్యాట్32 కాబట్టి నాలుగు అక్షరాలు, గీత, నాలుగు అక్షరాలు, అంతే ఉంటుంది. పాతదాని చోట అది రాయండి.

రెండో పని గ్రబ్-ఇన్‌స్టాల్. టార్గెట్ ఎక్స్86_64-ఈఎఫ్‌ఐ, ఈఎఫ్‌ఐ డైరెక్టరీ బూట్/ఈఎఫ్‌ఐ, వాటితో పాటు 'ఫోర్స్-ఎక్స్‌ట్రా-రిమూవబుల్', 'నో-ఎన్‌వీర్యామ్' అనే రెండు ఆప్షన్లు. మొదటిది నేను నిన్న చెప్పిన బూట్‌ఎక్స్64 ఫైలును ఆ చోట పెడుతుంది. రెండోది మదర్‌బోర్డు మెమరీలో ఏమీ రాయొద్దని చెబుతుంది. మన తాళంచెవి ఇక మన ఇంట్లోనే ఉండాలి కదా. చివరగా అప్‌డేట్-గ్రబ్.

మొత్తం కమాండ్లు ఇంగ్లిష్‌లో ఫోటో తీసి మెసేజ్‌లో పంపిస్తాను. ఒక్కో వరుస కొట్టి, ఎర్రర్ వస్తే అక్కడే ఆగి నన్ను అడగండి.

పరకాల_గణితం | శనివారం, రాత్రి 7:05

చేశాను. మెనూ వచ్చింది, డెబియన్ ఎక్కింది! కాకపోతే చాలాసేపు పడుతోంది. మొదట 'గేవ్ అప్ వెయిటింగ్ ఫర్ సస్పెండ్/రెజ్యూమ్ డివైస్' అంటోంది, తర్వాత ఒక వరుస ఎర్ర చుక్కలతో 1 నిమిషం 30 సెకన్లు లెక్కపెడుతోంది. ఆ తర్వాతే లాగిన్ వస్తోంది. రెండుసార్లు అలాగే అయింది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఈఎఫ్‌ఐ వరుస మార్చాను అన్నా, మూడుసార్లు సరిచూశాను.

గోదావరిఖని_షిఫ్ట్ | శనివారం, రాత్రి 7:20

అది నా పొరపాటు మేడమ్, మీది కాదు. స్వాప్ తీసేయమని చెప్పాను, దాని వరుస తీసేయమని చెప్పడం మరిచాను. లేని స్వాప్ కోసం రెండు చోట్ల ఎదురుచూస్తోంది.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో స్వాప్ అని ఉన్న వరుస మొదట్లో హ్యాష్ గుర్తు పెట్టండి. తర్వాత ఈటీసీలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్, దానిలో కాన్ఫ్.డీ, దానిలో రెజ్యూమ్ అనే ఫైలు ఉంటుంది. అందులో 'రెజ్యూమ్=నన్' అని రాసి, 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' కమాండ్‌ను 'యూ' ఆప్షన్‌తో నడపండి. మీ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ఎంత?

పరకాల_గణితం | శనివారం, రాత్రి 7:48

8 జీబీ. అన్నా, ఇప్పుడు అరనిమిషం లోపే లాగిన్ వచ్చేసింది.

గోదావరిఖని_షిఫ్ట్ | శనివారం, రాత్రి 7:55

8 జీబీతో ప్రశ్నపత్రాల పనికి స్వాప్ లేకపోయినా నడుస్తుంది. కావాలంటే తర్వాత ఒక స్వాప్ ఫైలు చేసుకోవచ్చు.

ఇంకో పరీక్ష చేయండి. ఈ డిస్క్‌ను మీ బడి ల్యాబ్‌లోని కంప్యూటర్‌కు పెట్టి చూడండి. ఇది వరకు అక్కడ ఎక్కేది కాదు కదా?

పరకాల_గణితం | శనివారం, రాత్రి 8:02

ఎప్పుడూ ఎక్కలేదు. ఆ కంప్యూటర్లు పాతవి కాబట్టి అనుకున్నాను. సోమవారం చూస్తాను.

జగిత్యాల_అక్షరం | ఆదివారం, ఉదయం 8:30

మేడమ్, వేరే కంప్యూటర్‌లో ప్రింట్ తీసేటప్పుడు మీ ఫాంట్లు లేకపోతే ఒత్తులు, లెక్కల గుర్తులు చెదురుతాయి. కాపీ చేసిన పెన్ డ్రైవ్‌లో ప్రతి పత్రానికీ ఒక పీడీఎఫ్ కూడా చేసి పెట్టుకోండి. ఫాంట్ పీడీఎఫ్ లోపలే ఉంటుంది, ఎక్కడ తెరిచినా ఒకేలా కనిపిస్తుంది.

కేయూ_ఫిజిక్స్ | ఆదివారం, ఉదయం 11:15

సుబేదారి అన్నా, రూట్‌డిలే పెట్టాక మూడు రోజుల నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. కాజీపేట సార్ రాసింది చదివి హబ్ కూడా తీసేశాను.

కాజీపేట_కరెంట్ | ఆదివారం, ఉదయం 11:40

మంచిది బిడ్డా. హబ్ వాడక తప్పకపోతే సొంత అడాప్టర్ ఉన్నదే కొను.

పరకాల_గణితం | సోమవారం, సాయంత్రం 5:30

ల్యాబ్‌లో మూడు కంప్యూటర్లలో పెట్టి చూశాను. రెండింట్లో ఎక్కింది. నా తెర, నా ఫోల్డర్లు, అంతా ఇంట్లో ఉన్నట్టే. బడి ప్రింటర్ మీదే ప్రీ-ఫైనల్ రెండో పేపర్ ప్రింట్ తీశాను. ఇన్నాళ్లూ ఇంటి నుంచి పెన్ డ్రైవ్‌లో మోసుకొచ్చి, అక్కడ ఒత్తులు చెదిరితే మళ్లీ సరిచేసేదాన్ని.

మూడోది బాగా పాతది. దాని బూట్ జాబితాలో యూఈఎఫ్‌ఐ అనే మాటే లేదు. అక్కడ ఎక్కలేదు.

గోదావరిఖని_షిఫ్ట్ | సోమవారం, రాత్రి 9:10

అది పాత బయాస్ యంత్రం మేడమ్. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను అది చూడదు, మొదటి 512 బైట్లే చదువుతుంది. దానికీ దారి ఉంది. స్వాప్ తీసిన చోట మనం వదిలిన ఖాళీలో 1 ఎంబీ పార్టిషన్ చేసి 'బయాస్_గ్రబ్' ఫ్లాగ్ పెట్టి, 'గ్రబ్-పీసీ-బిన్' ప్యాకేజీ వేసుకుని, ఐ386-పీసీ టార్గెట్‌తో గ్రబ్ ఇంకోసారి వేయాలి. రెండు రకాల గ్రబ్‌లూ ఒకే డిస్క్ మీద ఉండొచ్చు, ఒకదానికొకటి అడ్డం రావు. కానీ పిల్లల పరీక్షలు అయ్యేదాకా నడుస్తున్న డిస్క్‌ను కదపవద్దు.

పరకాల_గణితం | సోమవారం, రాత్రి 9:25

సరే అన్నా, ఏప్రిల్‌లో అడుగుతాను. కాపీ చేసిన పెన్ డ్రైవ్‌ను బీరువాలో పెట్టాను. ప్రతి శనివారం కొత్త ఫైళ్లు దానిలోకి కాపీ చేస్తాను.